తిమింగలం నాలుక మీద

ఇల్లు సర్దడం మొదలుపెడితే పాత ఉత్తరాలు దొరుకుతాయి. ఉత్తరాలు దొరికితే సర్దడం ఆగిపోతుంది. ఇది ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. మొన్న సంక్రాంతికి ముందు బీరువా దులుపుతూంటే నాకు ఉత్తరాలు దొరకలేదు గాని, పట్టుచీరల అడుగున, పాత పంచాంగాల మధ్య ఒక సీడీ దొరికింది. దాని మీద మావారి గుండ్రని దస్తూరీ: "పాత కంప్యూటరులోనివి అన్నీ. 2001."

అంతే, దులపడం ఆగిపోయింది.

ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. మావారి ఆదాయపు పన్ను లెక్కలు, ఎవరెవరికో రాసిన దరఖాస్తులు, ఇంకా ఒక రాజకుమారి. ఆ పిల్ల పేరు రొసెల్లా. 1993 మార్చిలో మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయని, మేం రొసెల్లాని ఒక తిమింగలం నోట్లో వదిలేసి, కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాం. "పరీక్షలయ్యాక చూద్దాంలేవే" అన్నాను. పరీక్షలయ్యాయి, ఇంటరయింది, ఇంజనీరింగయింది, పెళ్ళయింది, మా అమ్మాయి డాలస్ వెళ్ళి ఇద్దరు పిల్లల తల్లయింది. రొసెల్లా మాత్రం ఆ తిమింగలం నాలుక మీదే ఉండిపోయింది, పాపం.

ఆమెని ఎలాగైనా బయటికి తీసుకురావాలని ఈ నెల్లాళ్ళూ నేను పడ్డ పాట్లు, మధ్యలో తెలుసుకున్న చరిత్ర, చివర్లో కలిగిన సంతోషం మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు.

* * *

అడ్వెంచర్ గేమ్ అంటే కాల్చుకోవడాలూ పొడుచుకోవడాలూ ఉండే ఆట అనుకునేరు. కాదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, మర్రిచెట్టు తొర్రలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం అంటూ మన బామ్మలు చెప్పిన కథలున్నాయే, అదిగో, అలాంటి కథ. తేడా ఏమిటంటే చెప్పేవాళ్ళు సగంలో ఆపి, "ఇప్పుడు రాకుమారుడు ఏం చెయ్యాలో నువ్వే చెప్పు" అంటారు. సరిగ్గా చెపితే కథ ముందుకి సాగుతుంది. తప్పు చెపితే అక్కడే నిలబడుతుంది. లేదా రాకుమారుడు చచ్చిపోతాడు.

ఈ ఆటలన్నిటికీ మూలపురుషుడు విల్ క్రౌథర్ అనే అమెరికన్ ఇంజనీరు. ఇవాళ మన చేతుల్లోని ఫోన్లన్నీ కలిపే ఇంటర్నెట్ ఉందే, దానికి తాతగారైన ఆర్పానెట్‌ని కట్టిన బృందంలో ఆయనొకరు. కేంబ్రిడ్జిలో, అంటే ఇంగ్లండుది కాదు, మాసచూసెట్స్‌ది, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో ఉద్యోగం. ఆయనకీ, ఆయన భార్య ప్యాట్రీషియాకీ గుహలంటే పిచ్చి. సెలవు దొరికితే చాలు, దంపతులిద్దరూ కెంటకీ రాష్ట్రం పోయి, నడుముకి తాళ్ళూ, నెత్తిన దీపాలూ కట్టుకుని భూమి అడుగున పాకుతూ కొలతలు తీసేవారు. తీసిన కొలతల్ని కంప్యూటర్లో వేసి గుహల పటాలు గీసేవారు.

ఇక్కడ మనవాళ్ళు, అంటే ఆడవాళ్ళు, గర్వపడాల్సిన సంగతొకటి ఉంది. కెంటకీలో ఫ్లింట్ రిడ్జ్ అనే గుహల వరసా, మామత్ కేవ్ అనే గుహల వరసా పక్కపక్కనే ఉన్నాయి. రెండూ లోపల ఎక్కడో కలుస్తాయని అందరి అనుమానం. ఎన్నో ఏళ్ళపాటు ఎందరో వెతికారు. బాగా ఇరుకైన సందొకటి అడ్డం వచ్చింది. 1972లో సన్నగా ఉన్న ప్యాట్రీషియా అందులోంచి దూరి అవతలకి వెళ్ళి, దారి ఇంకా ఉందని చూసి వచ్చింది. ఆ సెప్టెంబరు 9న ఆమెతో సహా ఆరుగురు ఆ దారినే వెళ్ళి మామత్ కేవ్‌లో తేలారు. రెండూ కలిసి అప్పటికే 140 మైళ్ళు దాటిన గుహ అయింది. ఇప్పటికి 400 మైళ్ళకి పైగా కొలిచారు. ప్రపంచంలో ఇంత పొడుగు గుహ ఇంకోటి లేదు.

తరువాత ఆ కాపురం నిలవలేదు. పిల్లలు, ఇద్దరాడపిల్లలు, తండ్రికి కాస్త దూరమయ్యారు. వాళ్ళు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఏదైనా చెయ్యాలని 1975-76 ప్రాంతంలో క్రౌథర్ కూర్చుని, తామిద్దరూ కలిసి పాకిన ఆ గుహనే ఒక ఆటగా రాశాడు. బొమ్మల్లేవు, అన్నీ మాటలే. నువ్వు ఫలానాచోట నిలబడ్డావు, ఎదురుగా ఇది ఉంది, ఏం చేస్తావు అని యంత్రం అడుగుతుంది. "దీపం తీసుకో", "తూర్పుకి పో" అని ఇంగ్లీషులో రెండేసి మాటలు కొడితే జవాబిస్తుంది. భార్యతో కొలిచిన గుహ, పిల్లల కోసం కట్టిన కథ. విరిగిన సంసారపు ముక్కల్లోంచి ఆయన ఏరుకుని అతికించుకున్నది ఇదీ అనిపించింది నాకు, చదువుతూంటే.

మరుసటేడు స్టాన్‌ఫర్డ్‌లో చదివే డాన్ వుడ్స్ అనే కుర్రాడికి ఈ ఆట ఓ కంప్యూటర్లో కనబడింది. రాసినాయన ఎవరో "క్రౌథర్" అన్న పేరు తప్ప వివరం తెలీదు. ఆ కుర్రాడు ఏం చేశాడో తెలుసా? నెట్‌వర్కులో ఉన్న ప్రతి కంప్యూటరుకీ "క్రౌథర్" పేరుమీద ఉత్తరం వేశాడు! అన్నీ కలిపి చూస్తే అప్పట్లో అవి మనవాళ్ళ పెళ్ళి పిలుపులకంటే తక్కువే లెండి. ఉత్తరం అందింది, అనుమతి దొరికింది. వుడ్స్ 1977లో దాన్ని పెంచి, మరిన్ని నిధులూ, చిక్కుముడులూ చేర్చాడు. అది పొగలా వ్యాపించింది. ఆ ఆట వచ్చిన కంప్యూటరు కేంద్రంలో రెండువారాలు పని జరగదని ఆ రోజుల్లో ఛలోక్తి.

అందులో ఒక చిక్కుముడి చెపుతాను, రుచి తెలుస్తుంది. గుహలో దారికడ్డంగా పెద్ద పాము. కర్రతో కొట్టినా కదలదు. ఇంకో గదిలో ఒక చిన్న పిట్ట. పంజరం ఉంటే పట్టుకోవచ్చు. కాని మీరు దగ్గరికెళితే పిట్ట బెదిరిపోతుంది. ఎందుకు? మీ చేతిలో కర్ర ఉంది కనక! కర్ర కింద పెట్టేసి, పిట్టని పట్టుకుని, తీసుకెళ్ళి పాము ముందు వదలండి. గరుత్మంతుడి వంశమేమో, అంత పామునీ తరిమేస్తుంది. ఇది తట్టిన క్షణాన కలిగే ఆనందముందే, పప్పులో ఉప్పు సరిపోయిందని అత్తగారు ఒప్పుకున్నా అంత ఉండదు.

* * *

ఇప్పుడు మన కథానాయిక వస్తుంది. ఆమె పేరు రొబర్టా విలియమ్స్. కాలిఫోర్నియా ఇల్లాలు. ఇద్దరు కొడుకులు, చిన్నవాడు చంటివాడు. భర్త కెన్ కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. 1979లో ఇంటి దగ్గర పనిచేసుకోడానికని ఆయనొక టెలిటైప్ యంత్రం తెచ్చాడు. టెలిఫోను తీగ ద్వారా అది ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుతో మాట్లాడుతుంది. ఆ పెద్ద కంప్యూటర్లో ఈ గుహ ఆట ఉంది. ఆయన ఒక్కసారి చూసి పక్కన పెట్టేశాడు. ఆవిడ కూర్చుంది. అంతే! వంటా వార్పూ, చంటివాడి ఏడుపూ మధ్య వారాల తరబడి ఆడి, చివరికంటా వెళ్ళింది. వెళ్ళాక, "ఇంకోటేదీ?" అంది. వాళ్ళకి దొరికినవి తక్కువ. "అయితే నేనే రాస్తాను" అంది.

వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, ఒక పాత బంగళా, అందులో ఏడుగురు, ఒక్కొక్కరే హత్య కావడం, అగాథా క్రిస్టీ ధోరణిలో కథ అల్లింది. భర్తతో ఇంకోమాట అంది: "ఆపిల్ కంప్యూటర్లో బొమ్మలు వేయొచ్చుగా, ఉట్టి మాటలెందుకు?" అంతవరకూ అడ్వెంచర్ ఆటలో బొమ్మ వేసినవాళ్ళు లేరు. 70 బొమ్మలు కావాలి. అప్పటి డిస్కులో 70 బొమ్మలకి చోటెక్కడిది? బొమ్మని కాకుండా, బొమ్మలోని గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఆ లెక్క మాత్రం దాచి, ఆట ఆడేటప్పుడు మళ్ళీ గీయించే ఉపాయం కెన్ చేశాడు. చుక్కల లెక్క గుర్తుంటే చాలు, ముగ్గు మొత్తం మోసుకు తిరగక్కర్లేదని మనకి తెలీదూ!

1980 మే నెలలో "మిస్టరీ హౌస్" బయటికి వచ్చింది. డిస్కు ఒకటి, కాగితం ఒకటి, నొక్కితే మూసుకునే ప్లాస్టిక్ సంచిలో పెట్టి 24 డాలర్ల 95 సెంట్లకి అమ్మారు. ఆర్డర్లు ఇంటి టెలిఫోనుకే వచ్చేవి. ఆ వంటింటి బల్లే తరువాత సియర్రా ఆన్‌లైన్ అనే పెద్ద కంపెనీ అయింది. 1984లో ఐ.బి.ఎం. వాళ్ళు కోరితే రొబర్టా "కింగ్స్ క్వెస్ట్" రాసింది. అందులో రాజుగారు తెరమీద చెట్ల వెనక్కీ, బండల ముందుకీ నడిచారు. అప్పటికది వింత. 1988లో ఆ వరసలో నాలుగోది వచ్చింది. తండ్రి గుండెపోటుతో మంచానపడితే, ఆయన ప్రాణం నిలిపే మంత్రఫలం కోసం బయలుదేరిన కూతురు రొసెల్లా అందులో నాయిక. ఆడపిల్లలు ఆటలు కొంటారా, అందునా ఆడపిల్ల నాయికైతే మగపిల్లలు ఆడతారా అని సందేహించే రోజులవి. రొబర్టా పట్టు విడవలేదు.

ఆ ఆటనే 1991లో మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మేనకోడలికి తెచ్చాడు.

* * *

మా కంప్యూటరుకి 40 మెగాబైట్ల డిస్కు. ఇవాళ మీ ఫోనులో నాలుగు పెళ్ళిఫొటోలు దాటితే అంత చోటు నిండిపోతుంది. హాల్లో మూల బల్లమీద పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, చెప్పులు విడిచి దగ్గరికెళ్ళేవాళ్ళం. సాయంత్రం ఆరింటికి దీపం పెట్టి, వంట ముగించి, నేనూ మా అమ్మాయీ దానిముందు చేరేవాళ్ళం. అది టైపు చేసేది. నా పక్కన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. నాకు ఇంగ్లీషు మాటలెన్నో వచ్చింది ఆ ఆట ధర్మమాని. గుర్రానికి వేసే కళ్ళెం అంటే "బ్రైడిల్" అని ఏ బడిలోనూ నాకెవరూ చెప్పలేదు, రొసెల్లా చెప్పింది.

ఆ రాకుమారి చేసే పనులు వినండి. ఏడుగురు మరుగుజ్జుల ఇల్లు చిందరవందరగా ఉంటుంది. వాళ్ళు లేనప్పుడు వెళ్ళి ఇల్లు శుభ్రం చేస్తే మెచ్చుకుని అన్నం పెడతారు. "రాజుగారి కూతురైనా చీపురు తప్పలేదు చూశావా!" అని నేనంటే మావారు పేపరు వెనకాల నవ్వేవారు. మంత్రఫలం చెట్టుని ఒక నాగుపాము కాస్తూంటుంది. పిల్లంగోవి ఊదితే ఆడుతుంది. ఈ చిక్కుముడి అమెరికా వాళ్ళకి కష్టమైందేమోగాని, మా ఇంట్లో అరనిమిషం పట్టలేదు. సముద్రంలో ఈదుతూంటే తిమింగలం మింగేస్తుంది. జారే నాలుక మీద పాకుతూ పైకి పోవాలి. అడుగు తప్పితే మళ్ళీ కిందికి. మా అమ్మాయి ఆ నాలుక మీద మూడు సాయంత్రాలు జారింది. పైకి చేరాక, "ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అంది. ఏం చెయ్యాలో నాకూ తెలీలేదు. అక్కడే పరీక్షలొచ్చాయి.

నిజం చెప్పొద్దూ, ఆ కాలపు ఆటల్లో ఆనందమెంతో విసుగూ అంతే. తప్పు చేస్తే అప్పుడే చెప్పవు. ఇదే వరసలో అయిదో ఆటలో, 1990 నాటిది, ఒక పిల్లి ఎలకని తరుముతూ పోతుంది. ఆ క్షణంలో చేతిలోని పాత బూటు విసిరి ఎలకని కాపాడాలి. కాపాడకపోతే వెంటనే ఏమీ కాదు. చాలాసేపటికి రాజుగారిని కట్టేసి నేలమాళిగలో పడేస్తారు. ఎలక బతికుంటే వచ్చి తాళ్ళు కొరికేది. లేదు, సరి, అంతే. ఆకలేసి మిఠాయి తిన్నారనుకోండి, కొండమీద మంచుభూతం మొహాన కొట్టడానికి ఆ మిఠాయే కావాలి! మొదటి ఆటలో అయితే ఒక మరుగుజ్జు పేరు కనుక్కోవాలి. వెనకనుంచి ఆలోచించమని చీటీ ఉంటుంది. పేరు వెనకనుంచి రాస్తే ఒప్పుకోదు. అక్షరమాలనే తలకిందులు చేసి, మొదటి అక్షరానికి ఆఖరుది, రెండోదానికి దాని ముందరిది, ఇలా మార్చి రాయాలి. ఎంతమంది జుట్టు పీక్కున్నారో! 1990లో ఆ ఆటని తిరగరాసినప్పుడు వాళ్ళే మనసు మార్చుకుని, మామూలుగా వెనకనుంచి రాసినా ఒప్పుకున్నారు.

ఇది న్యాయం కాదని ఆ రోజుల్లోనే గట్టిగా అన్నవాడు రాన్ గిల్బర్ట్. ఆడేవాళ్ళు చచ్చిపోకుండా, దారి మూసుకుపోకుండా ఆట రాయొచ్చని 1990లో "మంకీ ఐలండ్" రాసి చూపించాడు. సినిమాలు తీసే జార్జి లూకస్ గారి ఆటల విభాగం అది. అందరూ ఔనన్నారు. కాని నాకెందుకో ఆ పాత కఠినత్వం మీద కోపం లేదు. మన పెద్దవాళ్ళు మాత్రం తప్పు చేసిన వెంటనే చెప్పేవారా? పదేళ్ళు పోయాక, "ఆరోజే అనుకున్నాను" అనేవారు!

* * *

సరే, సీడీ దొరికింది. మొదటి అవాంతరం, ఇప్పటి లాప్‌టాపుకి సీడీ పెట్టే నోరే లేదు. మా చెల్లెలి కొడుకు బయట తగిలించే డ్రైవొకటి తెచ్చిపెట్టి, "ఎందుకు పెద్దమ్మా, ఫోన్లో లక్ష ఆటలున్నాయిగా!" అన్నాడు. "లక్ష ఉన్నాయిరా, రొసెల్లా ఏదీ?" అన్నాను.

సీడీ బతికే ఉంది. అది అదృష్టమే. ఆ పాత ఫ్లాపీల మీది అయస్కాంతపు రాత ఏళ్ళు గడిచేకొద్దీ మాసిపోతుంది. మా ఫ్లాపీలు ఎప్పుడో చదవడం మానేశాయి. ఆట మీద నొక్కాను. ఈ యంత్రంలో ఇది నడవదు పొమ్మంది. కారణం అడిగితే మావాడు చెప్పాడు: ఆ ఆటలు 16 బిట్ల కాలంలో డాస్ అనే వ్యవస్థకి రాసినవి. ఇప్పటి 64 బిట్ల యంత్రాలు ఆ భాష మరిచిపోయాయి. అమెరికాలో పుట్టిన మనవలకి బామ్మ ఉత్తరం ఇస్తే చదవలేనట్టు.

దీనికి లోకంలో రెండు మందులున్నాయి. రెంటినీ కూలి పుచ్చుకోకుండా, పాత ఆటల మీద ప్రేమతో చేసినవాళ్ళే చేశారు. మొదటిది డాస్‌బాక్స్, 2002లో వచ్చింది. కొత్త కంప్యూటరు కడుపులో ఒక పాత కంప్యూటరు ఉన్నట్టు నటిస్తుంది. పాత శబ్దాలూ, పాత నెమ్మదీ అన్నీ నటిస్తుంది. రెండోది స్కమ్‌వీఎం. 2001లో లుడ్‌విగ్ స్ట్రిగియస్ అనే స్వీడన్ కుర్రాడు, స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. దీని పద్ధతి వేరు. ఆ పాత ఆటల్లో కథా, బొమ్మలూ ఒక కట్టగా ఉండేవి. ఆ కట్టని చదివి ఆడించే యంత్రాంగం విడిగా ఉండేది. హరికథలో పాఠం వేరు, దాసుగారు వేరు అన్నట్టు. స్కమ్‌వీఎం వాళ్ళు ఏం చేశారంటే, పాత దాసుగారు కాలం చేశారు కనక, ఆయన బాణీ అంతా క్షుణ్ణంగా నేర్చుకున్న కొత్త దాసుగార్ని తయారుచేశారు. మొదట లూకస్ వాళ్ళ ఆటలకి, తరువాత్తరువాత సియర్రా ఆటలకీ. ఆ మిస్టరీ హౌస్ కూడా ఇప్పుడు అందులో ఆడుతుంది.

స్కమ్‌వీఎంలో ఆట ఠక్కున వచ్చింది. బొమ్మ వచ్చింది, పాట వచ్చింది, నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. మేం దాచుకున్న ఘట్టాలు మాత్రం రాలేదు. ఆట మధ్యలో ఆపి, ఎక్కడున్నామో దాచుకునే వీలుంటుంది. దాచిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకోవచ్చు. ఆ పేర్లు పెట్టింది మా అమ్మాయి. ఆ పాత దాపరికం పాత దాసుగారికే తెలుసు, కొత్తాయనకి తెలీదు. మొదటినుంచి ఆడుకోవచ్చుగా అన్నాడు మావాడు. వాడికెలా చెప్పను? నాకు ఆట కాదురా కావలసింది, ఆ సాయంత్రాలు!

డాస్‌బాక్స్ పట్టాను. దానికి మర్యాదలెక్కువ. ఏ సంచిని ఏ డ్రైవు అనుకోవాలో ముందు చెప్పాలి. చెప్పాను. ఆట లేచి, తనతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీలో ఫలానా మాట ఏదో కొట్టమంది. కొనకుండా కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోడానికి ఆ రోజుల్లో అదో ఎత్తు. పుస్తకమేదీ? నేనే, నా ఈ చేతుల్తోనే, పాత పేపర్లతో కలిపి కిలో లెక్కన అమ్మేశాను. ఎవర్ననాలి! అదృష్టం, ఆ పాత ఆటల్ని ఇప్పుడు మళ్ళీ అమ్మే అంగళ్ళున్నాయి. మరో ప్రతి కొన్నాను, దానితోపాటు పుస్తకం పేజీలూ ఫొటోలుగా వచ్చాయి. కొత్త ప్రతికి మా దాపరికాలు పనికిరాలేదు, అది వేరే కూర్పు. పుస్తకం కొత్తదీ, ఆట పాతదీ కలిపి గండం గట్టెక్కాను.

తెరమీద పేర్లు బారుగా వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "పాము దగ్గర", "అమ్మ నిద్రపోయింది", "నాన్న కరెంటు ఆపారు", "దీవిలో నెమలి", "నాలుక పైన - ముట్టుకోవద్దు". పదిహేనేళ్ళ పిల్ల చేతి రాత కాదు గాని, చేతి మాట. నేను ఆ పేర్లనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

తరువాత "నాలుక పైన" తెరిచాను. రొసెల్లా బాణంలా దూసుకుపోయి కింద పడింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ పడింది. మా పాత యంత్రం నత్తనడకకి తట్టుకోలేక మేం ఆట వేగాన్ని చివరికంటా పెంచి పెట్టుకున్నాం. ఆ పెంపుకూడా దాపరికంలో పడుంది. ఎడ్లబండికని వేసిన కొరడా, రైలుకి తగిలిందన్నమాట! వేగం తగ్గించి, మా అమ్మాయికి వీడియోలో ఫోన్ చేశాను.

* * *

డాలస్‌లో అప్పుడు తెల్లవారుతోంది. అది జుట్టు ముడేసుకుంటూ వచ్చి, తెర చూసి, ఓ నిమిషం మాట్లాడలేదు. తరువాత, "అమ్మా, ముట్టుకోవద్దని రాశాగా!" అంది.

ఇద్దరం కలిసి రొసెల్లా సంచిలో ఏమున్నాయో చూశాం. పిల్లంగోవి ఉంది, అదీ ఇదీ ఉంది. తిమింగలం గొంతులో కొండనాలుక వేళ్ళాడుతోంది. దాన్ని ఏదైనా మెత్తనిదానితో గిలిగింత పెడితే తిమింగలం తుమ్ముతుందని అది అంది. "మెత్తనిదేముందే మన దగ్గర?" అన్నాను. లేదు. మేం పట్టుకోవలసినదేదో ముందే వదిలేశాం. ముప్ఫై ఏళ్ళ కిందటి ఆ సాయంత్రాలు మేం ఎంత పాకినా, ఆ నాలుక మీదనించి బయటపడే దారి లేనే లేదన్నమాట. తప్పు మాదే.

"దీవిలో నెమలి!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. దేవకన్య దీవిలో ఒక నెమలి తిరుగుతూంటుంది. అది అందంగా ఉందని మా అమ్మాయి ఊరికే చూసుకోడానికి ఆ ఘట్టం దాచుకుంది. ఆ నెమలి రాల్చిన ఈక నేలమీద పడుంటే మేం తీసుకోలేదు. ఆ ఘట్టం తెరిచాం. ఈక అక్కడే ఉంది, ముప్ఫై ఏళ్ళుగా. తీసుకుని సముద్రంలో దిగాం. తిమింగలం మింగింది, నాలుక మీద జారాం, జారాం, పైకి చేరాం, ఈకతో గిలిగింత పెట్టాం. తిమింగలం తుమ్మింది! డాలస్‌లో నిద్రపోతున్న పిల్లలు లేచొచ్చి, "అమ్మమ్మా, ఏమైంది?" అన్నారు.

పాతవి దాచడం ఎందుకు దండగ అంటారు చాలామంది. క్రౌథర్ మొట్టమొదట రాసిన ఆ గుహ ఆట అసలు ప్రతి పోయిందనే అనుకున్నారు. 2005లో, డాన్ వుడ్స్ విద్యార్థిగా ఉన్ననాటి స్టాన్‌ఫర్డ్ దస్త్రాల్లో అది పదిలంగా కనబడింది. డెనిస్ జెర్జ్ అనే ఆచార్యుడు ఆ ప్రతి పట్టుకుని, కెంటకీ గుహలో దిగి, ఆటలో చెప్పిన చోట్లని నిజం గుహతో సరిచూసి 2007లో వ్యాసం ప్రకటించాడు. ఎవరో పారెయ్యలేదు కనకే కదా, ఒక తండ్రి పిల్లల కోసం కట్టిన కథ మనకి దక్కింది!

మరి రొబర్టా? 1996లో కంపెనీ అమ్ముడుపోయింది. 1999లో కొండల్లోని ఆ పాత ఆఫీసు మూసేశారు. భార్యాభర్తలు ఆటలు మానేసి పడవెక్కి సముద్రాలు తిరిగారు. ఇంక అయిపోయిందనుకున్నారు అందరూ. 2023 జనవరిలో, డెబ్బయ్యేళ్ళు నిండబోతూ, ఆవిడ మళ్ళీ ఒక ఆట తెచ్చింది. ఏ ఆట అనుకున్నారు? చంటివాడితో ఇంటిపని చేసుకుంటూ 1979లో ఆడిన ఆ గుహ ఆటే! మాటలుగా ఉన్నదానికి రంగులూ రూపాలూ ఇచ్చి, "కొలాసల్ కేవ్" అని ఆ పాత పేరే పెట్టింది. తనకి విద్య పెట్టిన గురువుకి దక్షిణ ఇచ్చుకున్నట్టుగా ఉంది నాకు.

మా రొసెల్లా ఇప్పుడు ఒడ్డున ఉంది. కళ్ళెం వెతకాలి, పాముని ఆడించాలి, పండు కొయ్యాలి, తండ్రికి తినిపించాలి. అంతా ఒక్కరోజున ముగించెయ్యొద్దని మా అమ్మాయి షరతు పెట్టింది. వారానికొక గంట, ఆదివారం మాత్రమే. నిన్నటి ఘట్టానికి అది పెట్టిన పేరు చూశాను: "అమ్మ మెలకువగానే ఉంది".

బీరువా సగం దులిపి వదిలేశాను. మావారు రోజూ అడుగుతున్నారు. పరీక్షలయ్యాక చూద్దాం లెండి, అంటున్నాను.